ఇంటికీ ఇంటికీ మధ్య గాలి మిగిల్చిన వాళ్ల గురించి

తెలంగాణ టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్ గారికి నమస్కారం.

టౌన్ ప్లానింగ్ పేరెత్తితే హైదరాబాద్‌లో చాలామందికి కోపమే వస్తుంది. నాకు మాత్రం థాంక్స్ చెప్పాలనిపిస్తుంది. ఇళ్ల ప్లాన్లు గీయడమే నా పని, 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నియమాల జీవో 168ని రోజూ తిరగేస్తూనే ఉంటాను, అందులో ఒక్కో అంకె వెనక ఎంత ఆలోచన ఉందో గీసేకొద్దీ తెలిసొస్తోంది. కూర్చుని వాటిని తేల్చిన ప్లానర్లు, డ్రాఫ్ట్స్‌మెన్ ఎవరో జనానికి తెలియదు.

ఇల్లు కట్టుకునే ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, "పక్కన ఆ మీటరు జాగా వదలకపోతే ఏమవుతుందండీ, గది పెద్దదవుతుంది కదా" అని. ఆ మీటరులోనే కిటికీ రెక్క తెరుచుకుంటుంది, పైపు పగిలితే ప్లంబర్ నిచ్చెన వేసుకుంటాడు, మే నెలలో వంటింటి సెగ బయటికి పోతుంది. గోడకు గోడ ఆనించి కట్టిన సందుల్లో పట్టపగలు ట్యూబ్‌లైట్ కింద చదువుకునే పిల్లల్ని చూస్తే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) విలువ ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

బిల్డర్ ప్లాన్ ప్రకారమే కట్టేలా, కట్టే విస్తీర్ణంలో 10 శాతం మార్ట్‌గేజ్ (తనఖా) పెట్టించుకుని, ఓసీ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే విడిపించే రూల్ ఎవరికి తట్టిందో గానీ, ఫ్లాట్ కొనే మధ్యతరగతి వాళ్లకు అది పెద్ద కాపలా. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలమన్నదీ ఆ జీవోనే. 2020 అక్టోబర్‌లో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి కాలనీలు మునిగాక, చెరువు జాగా చెరువుకు ఎందుకు ఉంచాలో ఊరంతా చూసింది.

ఇంత జాగ్రత్తగా రాసిన రూల్స్‌ను మళ్లీ మళ్లీ క్రమబద్ధీకరణ పేరుతో పలచన చేయొద్దని మీరు ప్రభుత్వానికి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే 2015లో ఒకసారి, 2020లో ఒకసారి ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం) చూసినవాళ్లు "తర్వాత ఫీజు కట్టేద్దాంలే" అని నా ముందే అంటున్నారు, పద్ధతిగా కట్టుకున్నవాళ్లకు అది వినడానికే బాధగా ఉంటుంది.

ఇంకొక్క కోరిక. ఆ సెట్‌బ్యాక్ టేబుల్‌ను తెలుగులో, గజాల్లో, అడుగుల్లో అచ్చు వేయించి ప్రతి సర్కిల్ ఆఫీసులో అందరికీ కనపడేలా అంటించండి. దాన్ని తయారుచేసిన ఉద్యోగుల్లో రిటైరైనవాళ్లు కూడా ఉండే ఉంటారు, వాళ్ల పేర్లు వెతికించి కింద వేయించండి.

ఇట్లు,
మీ రూల్స్‌తోనే రోజూ పనిచేసే ఒక డ్రాఫ్ట్స్‌మన్