పక్కవాద్యాల పేర్లు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

సత్యనారాయణపురంలో ఉంటాను. మృదంగం వాయిస్తాను, నలుగురైదుగురు పిల్లలకు పాఠం చెబుతాను. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బి-హై గ్రేడు కళాకారుణ్ణి. మీ జిల్లా పేజీలో కచేరీ వార్త వచ్చినప్పుడల్లా కత్తిరించి ఫైల్లో పెట్టడం మా ఆవిడకు అలవాటు. 2024 మొదట్లో ఆ ఫైలుతో నిజంగా పనిపడింది. తీసి లెక్కపెడితే 41 కత్తిరింపులు తేలాయి. నా పేరున్నవి ఆరు. మిగతా వాటిలో గాయకుడి పేరు, ముఖ్య అతిథి పేరు, జ్యోతి వెలిగించిన కార్పొరేటరు పేరు, ఆయన వెంట వచ్చిన వాళ్ల పేర్లు వరసగా ఉండి, ఆఖర్న ‘వాద్య సహకారం ఆకట్టుకుంది’ అని ఉంటుంది. ఆ ఆకట్టుకున్నది నేనే.

పేరు మీద మోజుతో రాస్తున్నానని అనుకోకండి. ఇది డబ్బుతో ముడిపడిన సంగతి.

అమెరికాలో ఒక సంఘం వారు మా గాయకుడికి, వయొలిన్ ఆయనకు, నాకు కలిపి ఆరు ఊళ్లలో కచేరీలకు పిలుపు పంపారు. సంప్రదాయ సంగీతం వాయించడానికి వెళ్లేవాళ్లకు అక్కడ పీ-3 అనే వీసా ఉంది. దానికి ముందుగా మనం పెట్టుకునేదేమీ లేదు. పిలిచినవాళ్లే ఐ-129 ఫారంతో పిటిషన్ వేయాలి. 2024 ఏప్రిల్ 1న దాని ఫీజు 460 డాలర్ల నుంచి 1,015కు పెరిగింది. లాభాపేక్ష లేని సంఘాలకు, చిన్న సంస్థలకు మాత్రం 510. అక్కడి సంగీతకారుల యూనియన్ అభిప్రాయం జతచేయాలి. ఈ కళ ఫలానా జాతి సొంతమని, వీళ్లు అందులో నిజంగా పనిచేస్తున్నవాళ్లేనని కాగితాలు చూపించాలి. కాగితాలంటే ముఖ్యంగా పత్రికల్లో వచ్చిన రాతలు. తెలుగులో ఉన్న ప్రతిదానికీ ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ ఉండాలి. మా వీధిలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ఒకరు కాణీ తీసుకోకుండా చేసి పెట్టారు. కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం ‘తనియావర్తనం’ అన్న మాట దగ్గర మాత్రం రెండు రోజులు తలపట్టుకుని కూర్చున్నారు.

గాయకుడికి బొత్తి వచ్చింది, నాకు ఆరు కాగితాలు. సరే, ఆకాశవాణి గ్రేడు పత్రం తోడు పెట్టుకుని ఎలాగో గట్టెక్కాను.

తర్వాత మొదలైంది అసలు కథ. ‘టికెట్లు మీరు కొనుక్కోండి, ఇక్కడికి రాగానే డబ్బు ఇచ్చేస్తాం’ అన్నారు సంఘం వాళ్లు. గాయకుడి టికెట్ మాత్రం వాళ్లే ముందు కొన్నారు. మాకిద్దరికీ ఈ మాట. నా టికెట్ లక్షా 42 వేలు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం. వీసా ఫీజు మనిషికి 205 డాలర్లు, అంటే 17 వేల పైచిలుకు. వేలిముద్రలకు, ఇంటర్వ్యూకు హైదరాబాదు రానుపోను. మృదంగాలు రెండు తీసుకెళ్లక తప్పదు: గాయకుడి శ్రుతికి ఒకటి, అక్కడ ఆడపిల్లలెవరైనా పాడితే హెచ్చు శ్రుతికి మరొకటి. రెండో దానికి విమానం వాళ్లు అదనపు సామాను కింద వసూలు చేశారు. తడిపి మృదంగం ఎడమవైపు అంటించడానికి పట్టుకెళ్లిన బొంబాయి రవ్వ పొట్లం చూసి అక్కడి కస్టమ్స్ ఆయన వంట చేసుకుంటావా అని అడిగాడు. వాయిస్తానన్నాను. నవ్వి వదిలేశాడు.

టికెట్ డబ్బు ఇచ్చారు, కాదనను. ఆఖరి కచేరీ అయ్యాక, తిరుగు విమానం ఎక్కే ముందు రోజు చేతికొచ్చింది. అప్పటిదాకా వడ్డీ నాది. పారితోషికంలో 30 శాతం పన్ను కింద ముందే కోశారు. బయటి దేశపు కళాకారులకు అక్కడ అదే పద్ధతట. మరుసటి ఏడాది రిటర్ను వేస్తే కొంత తిరిగొచ్చే వీలుందన్నారు గానీ, ఆ ఫారాలు నింపే ఓపిక ఎవరికుంది?

గ్రాంట్ల కోసం ప్రయత్నించలేదా అని అడుగుతారేమో. ప్రయత్నించాను. విదేశాలతో సాంస్కృతిక సంబంధాల కోసం 1950లో మౌలానా ఆజాద్ పెట్టించిన సంస్థ ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) ఉంది, కళాకారులను కూడా పంపుతుంది. దాని ప్యానెల్‌లో పేరెక్కాలి. అందుకు వీడియోలు, పత్రికల్లో వచ్చిన రాతలు. ప్యానెల్‌లో ఉన్నంత మాత్రాన పంపుతారన్న హామీ లేదు. బ్రిటన్ వెళ్లేవాళ్లకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు ఉందిగానీ అది ఆ ఒక్క దేశానికే. ఎక్కడికెళ్లినా ముందు అడిగేది మా ఆవిడ ఫైలే. కెనడాలో 1982 నుంచి ఫ్యాక్టర్ అనే సంస్థ తమ సంగీతకారులు బయటి దేశాల్లో తిరగడానికి కూడా సాయం చేస్తోంది. మనకూ అలాంటిది రావాలని కోరడం నా స్థాయికి పెద్ద మాట. నేను అడిగేది చాలా చిన్నది.

మన రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ వారు ఊరికే ఇవ్వనక్కర్లేదు. పిటిషన్ మంజూరైన కాగితం, పిలుపు లేఖ చూపించిన పక్కవాద్యం వాళ్లకు టికెట్ డబ్బు ఆర్నెల్లకు వడ్డీ లేని అప్పుగా ఇస్తే చాలు. తిరిగొచ్చాక కట్టేస్తాం. గాయకుడి టికెట్‌కు ఎవరో ఒకరు పూచీ పడతారు. డోలు వాయించే ఆయనకూ, ఘటం ఆయనకూ పడరు. చిలకలూరిపేట వైపు నాదస్వరం బృందాలు ఎన్ని ఉన్నాయో మీ విలేకరులకు తెలియనిది కాదు. నలుగురైదుగురు కలిసి వెళ్తే ఎవరి గాజులని పెడతారు?

ఇక మీ పత్రికకు. కచేరీ వార్తలో వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు అని ఒక్క వరస వేయండి. చోటు చాలకపోతే కార్పొరేటరు వెంట వచ్చిన వాళ్ల పేర్లు తీసేయండి. సంగీత సభల కార్యదర్శులు కూడా విలేకరికి ఇచ్చే చీటీలో మా పేర్లు రాయాలి, అది వాళ్లు మరిచిపోతున్నారు. ఆ ఒక్క వరస మాకు వీసా ఫైల్లో ఒక కాగితం.

చివరగా ఒక మనవి. పేర్లు వేయమని ఇంత రాసినవాణ్ణి, ఈ ఉత్తరం కింద మాత్రం నా పేరు వేయకండి. ఆ సంఘం వాళ్లు వచ్చే ఏడాది మళ్లీ పిలుస్తామన్నారు.

– ఒక మృదంగ వాద్యకారుడు, సత్యనారాయణపురం, విజయవాడ