శనివారం సాయంత్రం 5కి కాల్, కాబోయే అమ్మలందరికీ

అందరికీ నమస్తే. స్కాన్‌కి ఒక్కరే వెళ్లడం, భర్త బయట కారులోనే ఉండిపోవడం... నిన్న మన గ్రూప్‌లో ఒకరు ఇది రాయగానే ఎంతమంది "నాకూ అంతే" అన్నారో! అందుకే శనివారం 5కి గంటసేపు మాట్లాడుకుందాం. కెమెరా ఆన్ చేయక్కర్లేదు, పడుకుని విన్నా పర్లేదు.

ఈలోగా ఎడిన్‌బరో ప్రశ్నావళి (డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయేమో చూసుకునేది) నింపండి. 10 ప్రశ్నలే, గడిచిన 7 రోజుల గురించి. 1987లో బాలింతల కోసం వచ్చింది, గర్భిణులకూ వాడతారు. స్కోరు గ్రూప్‌లో పెట్టకండి, డాక్టర్‌కి చూపించండి. 10వ ప్రశ్న మనల్ని మనం గాయపరచుకోవాలనే ఆలోచన గురించి. దానికి "ఎప్పుడూ లేదు" తప్ప ఇంకేం వచ్చినా శనివారం దాకా ఆగొద్దు. ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లకీ చెప్పండి.

డిప్రెషన్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఆపేయకండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా "సరే" అని పెట్టండి.