చెయ్యని ట్రైనింగ్‌కి ఇచ్చిన సర్టిఫికెట్ గురించి ఫిర్యాదు

తెనాలి,
15 సెప్టెంబరు 2025.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
హైదరాబాద్.

విషయం: నా ఇండస్ట్రియల్ ట్రైనింగ్ సర్టిఫికెట్‌లో జరగని విషయాలు రాయడం, ట్రైనింగ్ పేరుతో ఫంక్షన్ హాల్ పనికి పంపడం.

అయ్యా,

మీ కంపెనీ నడిపే ఏడాదిన్నర హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో నేను 2024 జనవరి బ్యాచ్ విద్యార్థినిని. ఫీజు 1,65,000 రూపాయలు మూడు వాయిదాల్లో కట్టాను. యూనిఫాం, నైఫ్ కిట్ కలిపి ఇంకో 14,500. రసీదులన్నీ ఉన్నాయి. అయితే ఈ ఉత్తరం ఫీజు కోసం రాయడం లేదు. మీరు నా పేరు మీద ఇచ్చిన ఒక కాగితం గురించి రాస్తున్నాను.

గత నెల 8న విజయవాడలో ఒక హోటల్‌కి ఫ్రంట్ ఆఫీస్ (రిసెప్షన్) అసిస్టెంట్ ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. బస్సు టైమవుతోందని అమ్మ పూజ త్వరగా ముగించి, నా చేతికి తోరం కట్టి పంపింది. చేతికి దారాలు కనపడకూడదన్న గ్రూమింగ్ రూల్ మీ క్లాసులో చెప్పిందే, అందుకని దాన్ని చొక్కా చేతి కింద దాచుకున్నాను. లోపల ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ గారు ఫ్రంట్ ఆఫీస్‌లో ఆరు వారాలు చేశానని ఉన్న నా సర్టిఫికెట్ పైనుంచి కింది దాకా చదివి, "విదేశీ గెస్ట్ చెకిన్ అయితే ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. "ఫారం సి సర్, 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో పంపాలి" అన్నాను. విదేశీ గెస్ట్ వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం అది, క్లాసులో విన్నదే. "బాగుంది. ఆరు వారాల్లో నువ్వు ఎన్ని పంపావు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన తన కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, ఒక రూం నంబర్ చూపించి, "వీళ్ళకి లేట్ చెకౌట్ ఛార్జీ వెయ్యి" అన్నారు. ఎక్కడ నొక్కాలో తెలియలేదు. మౌస్ పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఇక లాభం లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను: "సర్, నేను ఫ్రంట్ ఆఫీస్‌లో ఒక్క రోజు కూడా చెయ్యలేదు." ఆయన కోప్పడలేదు. "మరి ఇది ఎవరు రాశారు?" అన్నారు. మా ఇన్‌స్టిట్యూట్ అన్నాను. ట్రైనింగ్‌లో ఏ రోజు ఏం చేశామో రాసే లాగ్ బుక్ చివరి పేజీ తీసి, "ఇక్కడ నీ సంతకం కూడా ఉందిగా" అన్నారు. వెళ్ళేటప్పుడు కాఫీ తాగి వెళ్ళమన్నారు. తాగబుద్ధి కాలేదు.

ఆ సర్టిఫికెట్‌లో మీరు రాసింది ఇది: 2025 జనవరి 20 నుంచి జూలై 5 వరకు 24 వారాలు, ఫుడ్ ప్రొడక్షన్, ఎఫ్ అండ్ బి (భోజనం, పానీయాలు) సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్ విభాగాల్లో ఒక్కోదానిలో ఆరు వారాల చొప్పున శిక్షణ పూర్తి చేసింది. నిజంగా జరిగింది ఇది: వారానికి ఆరు రోజుల లెక్కన 144 రోజులు డ్యూటీ చేశాను. అందులో 117 రోజులు బ్యాంక్వెట్ హాల్లో, 18 రోజులు గిన్నెలు కడిగే చోట, 9 రోజులు హౌస్‌కీపింగ్‌లో. వంటింట్లో సున్నా. ఫ్రంట్ ఆఫీస్‌లో సున్నా. ఇది జ్ఞాపకం మీద వేసిన లెక్క కాదు. డ్యూటీ రోస్టర్ రోజూ రాత్రి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు, మొదటి రోజు నుంచీ నా ఫోన్‌లో అలాగే ఉంది.

ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌ని మనం ఐటీ అంటాం కదా, నేను ఐటీకి వెళ్తున్నానని నాన్న చెబితే మా వీధిలో కొందరు సాఫ్ట్‌వేర్ అనుకున్నారు. నాన్న కూడా వాళ్ళను సరిదిద్దలేదు. మా నాన్నది టిఫిన్ సెంటర్. నాలుగింటికి లేచి పిండి కలుపుకునే మనిషి, పనంటే ఏంటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. నేను ఏ పని చేస్తున్నానో తెలిశాక ఆయన అన్న మాట ఒక్కటే: "ప్లేట్లు మన కొట్లో కూడా ఉన్నాయి కదమ్మా, ఫీజు కట్టి మరీ కడగాలా?"

పని కష్టమని నేను ఫిర్యాదు చెయ్యడం లేదు. ట్రైనింగ్‌కి నన్ను శంషాబాద్ వైపు ఒక హోటల్‌కి పంపినప్పుడు మాఘమాసం మొదలవబోతోంది. పెళ్ళి ఉన్న రోజు మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ ఎక్కేవాళ్ళం. పది మంది కూర్చునే గుండ్రటి బల్లల్ని నిలబెట్టి, చక్రంలా దొర్లించుకుంటూ హాల్లోకి తేవాలి. కుర్చీలకి కవర్లు తొడగాలి, వెనక రిబ్బను ముడి అన్నిటికీ ఒకే ఎత్తులో రావాలి. బకెట్‌లో పొగలు కక్కే నీళ్ళు పెట్టుకుని, ఒక్కో గ్లాసునీ ఆ ఆవిరి మీద పట్టి, వేలిముద్ర పడకుండా గుడ్డతో తిప్పి తుడవాలి. ఫోర్కులూ స్పూన్లూ వెనిగర్ కలిపిన వేడి నీళ్ళలో ముంచి తుడవాలి. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికైతే భోజనాలు రెండు విడతలు. సర్దుడయ్యేసరికి ఐదు దాటేది. ఆ వేళకి హాస్టల్‌కి వెళ్ళే దారి ఉండదు, క్యాబ్ ఇవ్వరు. లేడీస్ లాకర్ రూంలో బెంచీ మీద కోటు కప్పుకుని ఏడింటి దాకా పడుకునేదాన్ని.

మొదటి రెండు వారాల్లో నిజంగానే నేర్చుకున్నాను. ఒకే చేతిలో మూడు ప్లేట్లు పట్టడం, నిండు ట్రే భుజం మీదికి ఎత్తడం, బఫేలో పదార్థాలు 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నాయో లేదో చూడడం, వంటకాన్ని వేడిగా ఉంచే చేఫింగ్ డిష్ కింద నీళ్ళు అయిపోకముందే గమనించడం. మూడో వారం నుంచి నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు, మొయ్యడానికి మాత్రం చాలా మిగిలింది. విభాగం ఎప్పుడు మారుస్తారని అడిగితే, "ఈ ముహూర్తాలు కానివ్వమ్మా" అనేవారు. మార్చిలో పెళ్ళిళ్ళు పలచబడితే విభాగం మార్చారు. గిన్నెలు కడగడానికి. చివరికి జూన్ 26న ఆషాఢం వచ్చి, హాలు ఖాళీ అయిపోయి, మాతో ఏం చేయించాలో తెలియక హౌస్‌కీపింగ్‌కి పంపారు. నా డిప్లొమాలో హౌస్‌కీపింగ్ ఉందంటే ఆ పుణ్యం ఆషాఢానిదే.

ఆ తొమ్మిది రోజుల గురించి చెప్పాలి, ఎందుకంటే ట్రైనింగ్ అంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. అక్కడి సూపర్‌వైజర్ మేడం మొదటి రోజు నన్ను ట్రాలీ ముందు నిలబెట్టి సీసాలు ఒక్కొక్కటే చేతికిచ్చారు. ఆర్ 1 బాత్రూంకి, ఆర్ 2 గట్టి ఉపరితలాలకి, ఆర్ 3 అద్దాలకి, ఆర్ 6 టాయిలెట్ బౌల్‌కి. సీసా మీద చీటీ చూడకుండా రంగును బట్టి చెప్పగలిగేదాకా రూంలోకి వెళ్ళనివ్వలేదు. దుప్పటి మూల మడత నాతో పదకొండుసార్లు విప్పించి మళ్ళీ వేయించారు. తొమ్మిదో రోజుకి ఒక చెకౌట్ రూం ఒంటరిగా సిద్ధం చేశాను. ఆవిడ బాత్రూం తలుపు వెనక వేలు పెట్టి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆరు వారాలు అలా జరిగి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఇక గేటు పాసు సంగతి. ఏప్రిల్‌లో పాత పాసు గడువు అయిపోతే సెక్యూరిటీ ఆఫీసులో కొత్తది ఇచ్చారు. అందులో నా ఫొటో పక్కన "ట్రైనీ" అని లేదు. "కాజువల్" అని ఉంది. కింద, మ్యాన్‌పవర్ సరఫరాదారు అన్న చోట మీ కంపెనీ పేరు ఉంది. ఏజెన్సీ నుంచి వచ్చే కాజువల్స్‌కి ఫంక్షన్‌కి ఇంత అని కూలి ఉంటుంది, నా పక్కనే బల్లలు దొర్లించిన అమ్మాయికి రాత్రికి 800 వచ్చేది. నాకు మీరు నెలకి 4,000 స్టైపెండ్ అన్నారు, రెండు నెలలు ఇచ్చి ఆపేశారు. మేం చేసిన పనికి ఆ హోటల్ మీకు డబ్బు కట్టిందా? కడితే మనిషికి ఎంత, ఎన్ని రోజులకి? ఫీజు కట్టిన విద్యార్థినిగా పంపారా, మీరు సరఫరా చేసిన కూలీగా పంపారా అన్నది నాకు రాతపూర్వకంగా కావాలి.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. జూలై 12న మీ ఆఫీసులో లాగ్ బుక్ చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. అప్పటికే అన్ని పేజీలూ ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో నింపి ఉన్నాయి. "ఫ్రంట్ ఆఫీస్, మూడో వారం: నైట్ ఆడిట్ (రాత్రి లెక్కల ముగింపు) గమనించినది" అని ఉంది. సంతకం పెట్టకపోతే సర్టిఫికెట్ రాదన్నారు, వెనక క్యూలో ఇంకా పదిహేను మంది ఉన్నారు. పెట్టేశాను. విజయవాడలో ఆ పెద్దమనిషి వేలు పెట్టి చూపించింది ఆ సంతకాన్నే.

హైదరాబాద్ డి.డి. కాలనీలో ఉన్న ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివే నా స్నేహితురాలికి ఇదంతా చెబితే, తన లాగ్ బుక్ చూపించింది. ఏ రోజు పని ఆ రోజే రాసుకుంది. పసుపు మరకలతో, కొట్టివేతలతో, నాలుగు రకాల సంతకాలతో ఉంది. నాది పెళ్ళి శుభలేఖలా తళతళలాడుతోంది. తనే ఇంకో మాట కూడా అడిగింది: "మీకు గుర్తింపు ఎవరిచ్చారు?" మీ బ్రోచర్‌లో మొదటి పేజీలోనే "ప్రభుత్వ గుర్తింపు పొందిన డిప్లొమా" అని ఉంది. చేరిన రోజు నాన్న అదే అడిగితే కౌన్సెలర్ గోడ మీద రెండు ఫ్రేములు చూపించారు, నాన్న ముచ్చటపడి ఫొటో కూడా తీసుకున్నారు. ఆ ఫొటో ఇప్పుడు పెద్దది చేసి చదివాను. ఒకటి ఐఎస్ఓ 9001, రెండోది ఎంఎస్ఎంఈ ఉద్యమ్ రిజిస్ట్రేషన్. మొదటిది ఒక సంస్థ తన పనుల్ని ఏ పద్ధతిలో నడుపుకుంటుందో చెప్పే సర్టిఫికెట్. రెండోది చిన్న వ్యాపారం ఎవరైనా ఉచితంగా ఆన్‌లైన్‌లో చేసుకునే నమోదు, మా టిఫిన్ సెంటర్‌కీ ఉంది. అంతమాత్రాన నాన్న వేసే ఇడ్లీ డిప్లొమా అయిపోదు కదా. నోయిడాలోని నేషనల్ కౌన్సిల్ ఫర్ హోటల్ మేనేజ్‌మెంట్, ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి), రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి, వీటిలో దేని గుర్తింపు మీకుందో ఆ ఉత్తరం నకలు పంపండి.

క్లాసుల గురించి ఎక్కువ రాయను. 42 మందికి పనిచేసే పొయ్యిలు రెండే. ఏడాది మొత్తంలో బేచమెల్ (పాలు, వెన్న, మైదా) సాస్ నా చేత్తో ఒక్కసారి తిప్పాను, అదీ అడుగంటింది. ఫ్రంట్ ఆఫీస్ సార్ నాలుగో నెలలో మానేస్తే ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. ఉన్నన్నాళ్ళూ ఆయన బాగా చెప్పారు, ఫారం సి గురించి నాకు తెలిసిందంటే ఆయన వల్లే.

ఇంటర్వ్యూ అయిన మర్నాడే మీ ప్లేస్‌మెంట్ కోఆర్డినేటర్ గారికి ఫోన్ చేశాను. "అన్నిచోట్లా ఇంతేనమ్మా, నువ్వొక్కదానివే టెన్షన్ పడుతున్నావు. ఇంటర్వ్యూలో మేనేజ్ చేసుకోవాలి" అన్నారు. ఆగస్టు 12న, 25న ఈమెయిళ్ళు పెట్టాను, జవాబు లేదు. ఈ నెల మొదట్లో ఆఫీసుకి వస్తే, చదువు చెప్పే సంస్థల మీద వినియోగదారుల చట్టం పనిచెయ్యదని మీ కౌన్సెలర్ చెప్పి పంపారు. ఆ మాట ఆయన అంత కంఠతా ఎందుకు పట్టాల్సి వచ్చిందో నాకు తెలియదు. నేను లాయర్‌ని కాను, చదువు విషయంలో ఆ వాదన ఉందన్నది మాత్రం తెలుసుకున్నాను. కానీ బ్రోచర్ చదువు కాదు, ప్రకటన. తప్పుదారి పట్టించే ప్రకటనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 10 లక్షల దాకా జరిమానా ఉంది. మనుషుల్ని పనికి సరఫరా చెయ్యడమూ చదువు కిందికి రాదు, అది కార్మిక శాఖ చూసే విషయం.

నేను అడిగేది డబ్బు వాపసు కాదు. ఇప్పుడిచ్చిన సర్టిఫికెట్ రద్దు చేసి, నేను ఎన్ని రోజులు ఎక్కడ పనిచేశానో ఉన్నది ఉన్నట్టు రాసి కొత్తది ఇవ్వండి. 117 రోజులు బ్యాంక్వెట్ అని రాస్తే నాకు నామోషీ లేదు, దాని మీద ఎవరేం అడిగినా చెప్పగలను. తర్వాత, రూములున్న ఏదైనా హోటల్‌లో ఆరు వారాలు ఫ్రంట్ ఆఫీస్‌లో, ఆరు వారాలు వంటింట్లో నిజమైన ట్రైనింగ్ ఏర్పాటు చెయ్యండి. రాత్రి డ్యూటీ ఉంటే క్యాబ్ ఉండాలి. ఆపేసిన స్టైపెండ్ ఇవ్వండి. హోటల్ మీకు మా పేరు మీద ఏమైనా కట్టి ఉంటే ఆ లెక్క చూపించండి, అందులో నాకు రావలసింది అప్పుడు మాట్లాడుకుందాం. బ్యాచ్‌లో ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ తరఫున నేను మాట్లాడను, కానీ నాకు చేసేది వాళ్ళకీ చెయ్యాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఫోన్‌లో వద్దు. జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. బ్రోచర్ మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి, గేటు పాసు మీద కార్మిక శాఖకి విడివిడిగా రాస్తాను.

సర్టిఫికెట్ అసలు ప్రతి ఈ కవరులో పెట్టలేదు. కొత్తది చేతికి వచ్చాకే పాతది ఇస్తాను. ఈలోగా దాన్ని ఏ ఇంటర్వ్యూకీ తీసుకెళ్ళను. వచ్చే వారం గుంటూరులో ఒకటుంది, హౌస్‌కీపింగ్‌కి. ఆ తొమ్మిది రోజుల గురించే చెబుతాను.

ఇట్లు,
మీ డిప్లొమా విద్యార్థిని
(రోల్ నంబరు జతచేసిన ఫీజు రసీదుల మీద ఉంది)

జతపరిచినవి: ఫీజు రసీదుల నకళ్ళు, సర్టిఫికెట్, లాగ్ బుక్ నకళ్ళు, 144 రోజుల డ్యూటీ రోస్టర్ ప్రింట్లు, గేటు పాసు రెండు వైపులా, బ్రోచర్ మొదటి పేజీ, మీ రిసెప్షన్ గోడ ఫొటో.