కెర్షా వదిలిన చోటు

అర్వైన్,
2025 నవంబర్ 20.

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న, నేను క్షేమంగా ఉన్నాము. నీ ఉత్తరం అందింది. క్లేటన్ కెర్షా రిటైరైనంత మాత్రాన మన లాస్ ఏంజెలెస్ బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్‌కు వచ్చిన లోటేమీ లేదనీ, యమమోటో, ఒటాని, స్నెల్, గ్లాస్నో ఉన్న జట్టులోంచి బంతి వేసే ముప్పై ఏడేళ్ల పిచర్ ఒకడు వెళ్లిపోతే తెలియను కూడా తెలియదనీ రాశావు. అందులో సగం మాట నేను ఒప్పుకుంటాను. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒప్పుకునే సగం ముందు చెబుతాను. మనం గొప్పగా చెప్పుకునే కెర్షా నిజానికి ఇప్పుడు వెళ్లలేదు, కొన్నేళ్ల కిందటే వెళ్లిపోయాడు. 2008 మే నెలలో ఇరవై ఏళ్ల వయసులో తొలి మ్యాచ్ ఆడినప్పుడు అతని ఫాస్ట్‌బాల్ గంటకు 94, 95 మైళ్ల వేగంతో వచ్చేది. ఆ ఏడాది శిక్షణ శిబిరంలోనే అతని కర్వ్ బంతిని చూసి వ్యాఖ్యాత విన్ స్కల్లీ దానికి 'నంబర్ వన్ ప్రజాశత్రువు' అని పేరు పెట్టాడు. 2011, 2013, 2014 సంవత్సరాల్లో లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది. 2014లో దానితోపాటు నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డూ వచ్చింది. అదే ఏడాది జూన్ 18న కొలరాడో మీద పదిహేను మందిని స్ట్రైకౌట్ చేసి, అంటే మూడు స్ట్రైకులతో అవుట్ చేసి, బంతి కొట్టి బేస్ చేరే వీలు, అంటే హిట్, ఒక్కటి కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. ఆ రోజు బేస్ మీదికి చేరిన ఒకే ఒక్కడు కూడా మన ఫీల్డర్ పొరపాటు వల్ల చేరినవాడే. ఆ తర్వాత వెన్ను, భుజం, మోకాలు, కాలి బొటనవేలు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. 2023 అక్టోబరులో అరిజోనా మీద ఒక్కడిని మాత్రమే అవుట్ చేసి, ఆరు పరుగులిచ్చి మైదానం వదిలిన రాత్రి నీకూ గుర్తుండే ఉంటుంది. నెల తిరగకముందే భుజానికి ఆపరేషన్ అయింది. చివరికి అతని చేతిలో మిగిలింది 89 మైళ్ల ఫాస్ట్‌బాల్. జట్టుకు మొదటి పిచర్ అతను కాడని నువ్వు అంటే నేను కాదనను.

అయితే ఆ 89 మైళ్ల మనిషి ఈ సంవత్సరం చేసిన పనిని నువ్వు లెక్కలోకి తీసుకోలేదు. స్నెల్ ఐదేళ్లకు 18.2 కోట్ల డాలర్ల ఒప్పందం మీద వచ్చి, రెండు మ్యాచ్‌లు ఆడి, భుజం నొప్పితో ఆగస్టు దాకా కూర్చున్నాడు. గ్లాస్నో ఏప్రిల్ చివర్లో వెళ్లి జూలైలో వచ్చాడు. మే నెలలో మరో పిచర్ ససాకీ భుజం పట్టేసింది. సీజన్ మొదటినుంచి చివరివరకు తన వంతు తప్పకుండా బంతి వేసినవాడు యమమోటో ఒక్కడే. అప్పుడు, బొటనవేలికీ మోకాలికీ ఆపరేషన్లు చేయించుకుని మే 17న తిరిగి వచ్చిన కెర్షా, మొదటి మ్యాచ్‌లో ఏంజెల్స్ జట్టుకు నాలుగు ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్ మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానిలో ముగ్గురిని అవుట్ చేయాలి) ఐదు పరుగులిచ్చాడు. ఇక పని అయిపోయిందని చాలామంది అన్నారు, నాన్న కూడా అన్నారు. సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో పదకొండు గెలుపులు, రెండే ఓటములు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు 3.36 పరుగుల సగటు, నూట పన్నెండు ఇన్నింగ్స్‌కు పైన పని ఉన్నాయి. దీనికి జట్టు ఇస్తానని హామీ ఇచ్చిన మూల వేతనం 75 లక్షల డాలర్లు. పన్నెండేళ్లకు 32.5 కోట్ల డాలర్ల యమమోటో ఒప్పందం పక్కన పెట్టి చూస్తే అది చిల్లర.

ఆ నూట పన్నెండు ఇన్నింగ్స్ విలువ తెలియాలంటే కొంచెం కూడికలు చేయాలి. 162 మ్యాచ్‌లంటే దాదాపు 1,458 ఇన్నింగ్స్, వాటిని ఆరు నెలల్లో పూర్తి చేయాలి. డాడ్జర్స్ లాగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లను, అంటే స్టార్టర్లను, ఆరుగురిని వంతుల మీద తిప్పితే ఒక్కొక్కరికి ఇరవై ఏడు వంతులు వస్తాయి. ఒకడు గాయపడి వంతు ఖాళీ అయితే ఆ రోజు బుల్‌పెన్‌లోని, అంటే మధ్యలో దిగడానికి ఉంచిన, ఏడెనిమిది మంది పిచర్లు కలిసి తొమ్మిది ఇన్నింగ్స్ లాగాలి. అలా లాగిన మర్నాడు మామూలు స్టార్టర్ నాలుగో ఇన్నింగ్స్‌లో తడబడినా అతన్ని తప్పించడానికి మేనేజర్ దగ్గర బంతి వేసే చేతులు మిగలవు. టెస్ట్ మ్యాచ్‌లో మీ తాతయ్య మెచ్చుకునే స్పిన్నర్లు ఉండేవారే, వికెట్లు పడకపోయినా ఒక ఎండ్ పట్టుకుని మధ్యాహ్నమంతా వేసి, రెండో ఎండ్‌లో ఫాస్ట్ బౌలర్లకు ఊపిరి పీల్చుకునే వీలు కల్పించేవారు, కెర్షా ఈ ఏడాది చేసింది అదే. మ్యాచ్‌కు సగటున ఐదు ఇన్నింగ్స్. అంతకన్నా గొప్పగా ఏమీ కాదు, కానీ వంతు వచ్చినప్పుడల్లా.

ఆగస్టు 15 రాత్రి మ్యాచ్ గుర్తు తెచ్చుకో. డాడ్జర్స్ వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి, డివిజన్‌లో శాన్ డియెగో పాడ్రెస్ వెనక్కి జారిపోయిన సమయం అది. ఆ రోజు కెర్షా ఆరు ఇన్నింగ్స్ వేసి ఒకే ఒక్క పరుగిచ్చాడు, జట్టు 3-2తో గెలిచి మళ్లీ సమానంగా నిలిచింది. నేను టీవీలో అతని చేతులనే చూస్తూ కూర్చున్నాను. రెండు చేతులూ తలపైకి ఎత్తి, మెల్లగా దించి, కుడి మోకాలు పైకి లేపి, ఆ కాలు నేలకు వస్తూ ఉండగా ఒక క్షణం ఆగినట్టు ఆగి, అప్పుడు బంతి వదులుతాడు. పద్దెనిమిదేళ్లలో ఆ వరుస మారలేదు. మారిందల్లా బంతి ఎక్కడ పడాలన్న పట్టింపు. వేగం ఉన్న రోజుల్లో బంతి నడిమధ్యకు వచ్చినా బ్యాటర్ ఆలస్యమయ్యేవాడు. ఇప్పుడు నడిమధ్యకు వస్తే అది ప్రేక్షకుల్లోకి వెళుతుంది. అందుకని కుడిచేతి బ్యాటర్ మోకాలి దగ్గరకు, లోపలివైపు, చివరి క్షణంలో జారే స్లైడర్‌ను మళ్లీ మళ్లీ అదే చోట వేశాడు. జూలై 2న వైట్ సాక్స్ మీద కెరీర్‌లో మూడు వేలవ స్ట్రైకౌట్ కూడా స్లైడర్‌తోనే, ఆ రోజు అతను వేసిన నూరో బంతితో వచ్చింది. మూడు వేలు దాటిన ఇరవై మందిలో మొత్తం ఒకే జట్టుకు ఆడి దాటినవారు వాల్టర్ జాన్సన్, బాబ్ గిబ్సన్, కెర్షా మాత్రమే.

అక్టోబరులో, అంటే టైటిల్ కోసం జరిగే ప్లే ఆఫ్స్‌లో, కెర్షా తడబడతాడన్న పాత ఫిర్యాదు నీ ఉత్తరంలోనూ ఉంది. 2019లో వాషింగ్టన్ మీద వరుస బంతుల్లో రెండు హోమ్ రన్‌లు ఇచ్చిన మాట నిజమే. ఈ ఏడాది ఫిలడెల్ఫియా మీద కూడా రెండు ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులు ఇచ్చాడు. కానీ టొరాంటోతో ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్, మూడో మ్యాచ్ పన్నెండో ఇన్నింగ్స్‌లో, బేసులన్నీ నిండి, ఇద్దరు అవుటై ఉండగా పిచర్ నిలబడే మౌండ్ మీదికి వచ్చి, ఇంకో తప్పు బంతి పడితే పరుగు పోయే స్థితి దాకా, అంటే మూడు బాల్స్, రెండు స్ట్రైకుల దాకా పోయాక నేథన్ లూక్స్ చేత నేలబారు బంతి కొట్టించి గండం గట్టెక్కించింది ఎవరు? ఆ మ్యాచ్ పద్దెనిమిది ఇన్నింగ్స్ జరిగి 6-5తో మనకు దక్కింది. ఆ ఒక్క అవుట్ లేకపోతే సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లేదో లేదో.

ఇక అతని తర్వాత బంతి ఎవరి చేతికి అన్న సంగతి. నువ్వు రాసిన నాలుగు పేర్లూ గట్టివే, కానీ నాలుగింటికీ నాలుగు సందేహాలు ఉన్నాయి. యమమోటో ఈ సీజన్లో 173 ఇన్నింగ్స్ వేసి, మిల్వాకీలో ఒక పూర్తి మ్యాచ్, టొరాంటోలో మరో పూర్తి మ్యాచ్ వేసి, ఆరో మ్యాచ్‌లో 96 బంతులు విసిరి, మర్నాడే వచ్చి ఏడో మ్యాచ్ చివర్లో ఇంకో 34 విసిరాడు. నేను కళ్లప్పగించి చూశాను, కానీ ఆ చేతికి వచ్చే ఏప్రిల్‌లో బిల్లు వస్తుందేమోనన్న భయం కూడా పడ్డాను. పైగా మార్చిలో దేశాల జట్లు ఆడే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఉంది. ఒటాని 2023లో మోచేతికి ఆపరేషన్ చేయించుకుని, ఈ జూన్‌లో ఒక్కో ఇన్నింగ్స్‌తో మొదలుపెట్టి, సీజన్లో మొత్తం 47 ఇన్నింగ్స్ మాత్రమే వేశాడు. మిల్వాకీ మీద ఆరు ఇన్నింగ్స్‌లో పదిమందిని స్ట్రైకౌట్ చేసి, అదే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్‌లు కొట్టిన మనిషిని తక్కువ చేసే ధైర్యం నాకు లేదు. అయినా రోజూ బ్యాటింగ్ కూడా చేసేవాడికి బంతుల లెక్క పెంచేటప్పుడు జట్టు చాలా నెమ్మదిగానే పోవాలి. స్నెల్, గ్లాస్నోల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న రోజున వాళ్లను కొట్టడం కష్టం. ఎన్ని రోజులు అలా ఉంటారన్నదే ప్రశ్న.

నాకు అసలు ఆసక్తి ఆ తర్వాతి వరుసలో ఉంది. ససాకీని మళ్లీ స్టార్టర్‌గా తేవాలా, ప్లే ఆఫ్స్‌లో చేసినట్టు చివరి ఇన్నింగ్స్‌కే ఉంచాలా అన్నది తేలికైన విషయం కాదు. నాలుగేళ్లకు 7.2 కోట్ల డాలర్లతో తెచ్చుకున్న టానర్ స్కాట్ గెలుపు అంచున ఎన్నోసార్లు చేజార్చుకున్నాక, అక్టోబరులో ఆ తలుపు మూసింది ససాకీయే. అయినా ఇరవై నాలుగేళ్ల కుర్రవాడి చేతిని రోజుకో ఇన్నింగ్స్‌కు కట్టేయడం నాకు ఇష్టం లేదు. స్టార్టర్‌గా అతనికి ఇంకో బంతి కావాలి, ఫాస్ట్‌బాల్, స్ప్లిటర్ రెండింటితోనే ఒకే మ్యాచ్‌లో బ్యాటింగ్ వరుస మొత్తాన్ని మూడుసార్లు ఎదుర్కోలేడు. అది నేర్చుకునే చోటు మౌండ్ మీదే గానీ బుల్‌పెన్ బెంచీ మీద కాదు.

గావిన్ స్టోన్ 2024లో జట్టులో అందరికన్నా ఎక్కువ ఇన్నింగ్స్ వేసి, పదకొండు మ్యాచ్‌లు గెలిచి, భుజం ఆపరేషన్‌తో ఈ ఏడాదంతా పోగొట్టుకున్నాడు. రివర్ ర్యాన్ మోచేతి ఆపరేషన్ నుంచి తేరుకుంటున్నాడు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఆ ఆపరేషన్ చేసింది డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కే. యాభై ఏళ్లు దాటినా ఈ జట్టు పిచర్ల జాబితా చదువుతుంటే ఆస్పత్రి వార్డు జాబితా చదివినట్టే ఉంటుంది. ఎడమచేతి వాటం కావాలంటే రోబ్లెస్కీ ఉన్నాడు, కానీ అతను రెండు మూడు ఇన్నింగ్స్‌కు పనికొచ్చే చోట ఉండడమే జట్టుకు లాభం. డస్టిన్ మేను జూలైలోనే బోస్టన్‌కు ఇచ్చేశారు. బయటినుంచి ఇంకో పెద్ద పేరు కొనుక్కోవడానికి డబ్బుకు కొదవ లేదు, కానీ పెద్ద పేరు కొన్న ప్రతిసారీ ఎదిగొచ్చే ఒకడి వంతు పోతుంది.

నన్నడిగితే కెర్షా చోటు ఎమెట్ షీహన్‌కు ఇవ్వాలి. అతనూ 2024లో మోచేతి ఆపరేషన్ చేయించుకున్నవాడే. ఈ జూన్‌లో తిరిగొచ్చి 73 ఇన్నింగ్స్‌లో 2.82 పరుగుల సగటుతో వేశాడు. అతని ఫాస్ట్‌బాల్ కింది నుంచి లేచి వచ్చినట్టు ఉంటుంది, స్లైడర్ వేయడానికి వెనకాడడు, బేసుల మీద ఇద్దరున్నా గబగబా వేసి తేల్చేయాలని చూస్తాడు. సర్దుకోవలసింది అక్టోబరు బెదురు ఒక్కటే. ఏప్రిల్ నుంచే ప్రతి ఆరో రోజూ బంతి అతని చేతికిచ్చి, మొదటి రెండు మ్యాచ్‌లు చెడినా తీసేయకుండా ఉంచాలి. మే 17న కెర్షాను తీసేసి ఉంటే పదకొండు గెలుపులు వచ్చేవి కావు. స్టోన్, ర్యాన్‌లను జూన్ దాకా తొందరపెట్టకుండా, ఎవరో ఒకరు గాయపడిన రోజున దించాలి. ఆ రోజు వస్తుందన్న దాంట్లో నాకు అనుమానం లేదు.

నాన్న మాత్రం ససాకీ చివరి ఇన్నింగ్స్‌కే ఉండాలని పట్టు పట్టి కూర్చున్నారు, ఇంట్లో రోజూ ఇదే వాదన. నీ పక్షం ఎటో రాయి. సెలవులకు వచ్చేటప్పుడు టిక్కెట్టు ముందే తీసుకో.

ఆశీస్సులతో,
అమ్మ