ఆ క్యాసెట్లను కాపాడండి: ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి నమస్కారాలు.

మన తెలుగు శాఖలో ఒగ్గుకథపై వచ్చిన ఒక పాత సిద్ధాంత గ్రంథాన్ని ఈ మధ్య చదివాను. కళాకారుల నోట విని రాసుకున్న కథంతా అనుబంధంలో ఉంది. పేజీల అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి. ఆ గొంతులను రికార్డు చేసిన క్యాసెట్లు ఆ గ్రంథం ఉన్న బీరువాలోనే బూజు పట్టాయి. ఆ కథ చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు, మళ్లీ వెళ్లి అడిగే వీలు లేదు.

పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లోనే నిబంధన పెట్టింది. కొత్తవి శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ పరిశోధన గ్రంథాల భాండాగారంలో చేరుతున్నాయి. మరి పాతవాటి గతి ఏమిటి?

ముందు క్యాసెట్లను డిజిటల్ రూపంలోకి మార్పించండి, తర్వాత గ్రంథాలను స్కాన్ చేయించండి. విద్యార్థులం మేమూ చేయి వేస్తాం. ఈ విద్యా సంవత్సరంలోనే పని మొదలుపెట్టించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి