కాలు నరుక్కున్న తర్వాతి సంగతి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

డిసెంబరు 16న విజయ్ దివస్ (1971లో పాకిస్తాన్ మీద గెలిచిన రోజు) సందర్భంగా మీ పత్రికలో మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో గారి గురించి అర పేజీ వేశారు. సంతోషం. తెలుగు పేపర్లలో ఆయన పేరు కనపడడమే అరుదు. అయితే ఆ అర పేజీలో ముప్పాతిక భాగం ఒక్క పూట జరిగిన సంగతే. మందుపాతర పేలడం, నొప్పి తెలియకుండా ఇచ్చే మార్ఫిన్ లేదనడం, గూర్ఖాల వంపు కత్తి కుక్రీ తెమ్మనడం, నుజ్జయిపోయిన కాలిని తనే నరుక్కుని పాతిపెట్టమనడం. దాని కింద ‘అనంతరం మేజర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 1971 నుంచి 1993 దాకా ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆ ఒక్క వాక్యంలో పడిపోయింది. నేనూ ఒక కాలు పోయిన సిపాయిని. నాకు పనికొచ్చింది ఆ ఇరవై రెండేళ్ళే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. వానొస్తే సేద్యం, రాకపోతే మిలిటరీ అన్నట్టుండేది మా చిన్నప్పుడు. మా వైపు ఏ బజారుకి పోయినా నలుగురు మాజీ సైనికులు తగులుతారు. నేను 1983లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరాను. ట్రైనింగ్ నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో. పన్నెండేళ్ళ తర్వాత కాశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర, వానలకి కొట్టుకొచ్చి దారిలో చేరిన పాత మందుపాతర మీద ఎడమ కాలు వేశాను. అప్పటికి నాయక్‌ని, సిపాయికి కాస్త పై ర్యాంకు. ఆ తర్వాత పుణేలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌కి పంపారు. కార్డోజో గారి పేరు నేను మొదటిసారి విన్నది అక్కడే, పక్క మంచం మీదున్న గూర్ఖా హవల్దార్ నోట. వాళ్ళకి ఆ పేరు నోరు తిరగక ‘కార్టూస్ సాబ్’ అని పిలుచుకునేవాళ్ళట. కుక్రీ కథ ఆ హవల్దార్ రెండు ముక్కల్లో తేల్చేశాడు. కార్టూస్ సాబ్ తర్వాత మా పల్టన్‌కి సీఓ (కమాండింగ్ ఆఫీసర్) అయ్యాడని మాత్రం రాత్రి దీపాలు ఆర్పేదాకా చెప్పాడు.

కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను. కార్డోజో గారు 1937లో బొంబాయిలో పుట్టారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో స్వర్ణ పతకం, రజత పతకం రెండూ అందుకున్న మొదటి క్యాడెట్ ఆయనే. అయిదో గూర్ఖా రైఫిల్స్‌లో చేరారు. 1971 యుద్ధం వచ్చేనాటికి వెల్లింగ్టన్‌లోనే స్టాఫ్ కాలేజీలో చదువుతున్నారు. నాలుగో బెటాలియన్ సెకండ్ ఇన్ కమాండ్ యుద్ధంలో చనిపోతే ఆ స్థానంలోకి ఆయన్ని పిలిపించారు. బెటాలియన్‌ని హెలికాప్టర్లలో తీసుకెళ్ళి ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హట్ దగ్గర దింపారు. మన సైన్యం అలా హెలికాప్టర్లలో వెళ్ళి దాడి చేయడం అదే మొదలు. అక్కడ దిగింది బ్రిగేడ్, అంటే కొన్ని బెటాలియన్లు కలిసిన దళం, అని బీబీసీ పొరపాటున చెప్పింది. అటువైపు పాకిస్తాన్ వాళ్ళూ అదే నమ్మారు. మన వాళ్ళు ఆ నమ్మకాన్ని చెడగొట్టకుండా, తిండీ నీళ్ళూ సరిగా లేకపోయినా, ఒక్క బెటాలియన్‌తోనే బ్రిగేడ్‌లా నెట్టుకొచ్చారు. చివరికి ముగ్గురు బ్రిగేడియర్లతో సహా వేలమంది లొంగిపోయారు. మందుపాతర పేలింది దీని తర్వాత, ఇక అయిపోయిందిలే అనుకున్నాక. అక్కడి నుంచి కుక్రీ దాకా మీరు రాసినదే.

మీరు రాయనిది పుణే నుంచి మొదలవుతుంది.

కాలు పోయినవాడికి సైన్యంలో ఉండే దారి సన్నం. మెడికల్ బోర్డు కూర్చుంటుంది, కేటగిరీ తగ్గిస్తుంది. ఆ తర్వాత మాలాంటి వాళ్ళకి ఇచ్చే కూర్చుని చేసే పని పేరు షెల్టర్డ్ అపాయింట్‌మెంట్. నన్ను కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో కూర్చోబెట్టారు. పొద్దున రైఫిళ్ళు లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రం లెక్కపెట్టి తీసుకోవడం. అన్నం పెట్టారు, గౌరవంగా చూశారు, కాదనను. అయితే నా సెక్షన్ గస్తీకి వెళ్తుంటే కిటికీలోంచి చూస్తూ రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. కార్డోజో గారికి కూడా అలాంటి కుర్చీ పనే మిగిలింది. ఇంకొకరైతే కృతజ్ఞతలు చెప్పి కూర్చునేవారు. ఆయనకి బెటాలియన్ కావాలి. పదాతిదళంలో బెటాలియన్ కమాండ్ అంటే కొండలెక్కాలి, జవాన్ల ముందు నడవాలి. ఒంటికాలివాడికి అది ఇచ్చిన దాఖలా అప్పటిదాకా మన సైన్యంలో లేదు.

ఆయన ఏం చేశారంటే, కర్ర కాలు తగిలించుకుని మళ్ళీ రిక్రూట్‌లా మొదలుపెట్టారు. తెల్లవారకముందే లేచి నడక, పరుగు, వ్యాయామం. ఏమన్నా జరిగితే బాధ్యత మాది కాదని డాక్టర్లు హెచ్చరించినా ఫిట్‌నెస్ పరీక్షకి దిగి, రెండు కాళ్ళున్న ఆఫీసర్లని వెనక వదిలేసి పూర్తి చేశారు. అయినా ఫైలు కదల్లేదు. చివరికి ఆర్మీ చీఫ్ జనరల్ టి.ఎన్. రైనా ఆయన్ని తన వెంట హెలికాప్టర్‌లో లడఖ్ తీసుకెళ్ళారు. అక్కడ మంచులో, కొండల్లో ఆయన నడక కళ్ళారా చూసి బెటాలియన్ ఇవ్వమన్నారు. రైనా గారికి రెండో ప్రపంచ యుద్ధంలో ఒక కన్ను పోయింది. అందుకే ఆయన బోర్డు కాగితం చూసి ఊరుకోకుండా మనిషి నడక చూడాలనుకున్నారేమో అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే. బెటాలియన్ తర్వాత బ్రిగేడ్‌కీ అడ్డుపుల్లలు పడ్డాయి. అదీ సాధించారు. ఆ తర్వాత అంతకంటే పెద్దదైన డివిజన్ కూడా నడిపారు. యుద్ధంలో కాలు పోయాక పదాతి బెటాలియన్‌కీ బ్రిగేడ్‌కీ కమాండర్ అయిన మొదటి ఆఫీసరు ఆయనే. ఆ తరంలోనే ఒక కాలు పోయిన విజయ్ ఒబెరాయ్ గారు సైన్యానికి వైస్ చీఫ్ అయ్యారు. రెండు కాళ్ళూ పోయిన పంకజ్ జోషి గారు లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. వీళ్ళని కూడా మీ పేజీలో చూడాలని ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వాళ్ళు ఆఫీసర్లు. తలుపు తట్టి చీఫ్ దాకా వెళ్ళగలిగారు. ఒక నాయక్‌ని ఎవరూ హెలికాప్టర్‌లో లడఖ్ తీసుకెళ్ళరు. నేను అడగలేదు, అడిగినా పై దాకా పోయేది కాదు. ఈ తేడా చూడకుండా ‘కార్డోజోని చూసి నేర్చుకోండి, మనసుంటే మార్గముంటుంది’ అని మాలాంటి వాళ్ళకి చెబుతుంటే ఒళ్ళు మండుతుంది. నేను బయటికొచ్చాక గిద్దలూరులో ఎస్‌టీడీ బూత్ పెట్టుకున్నాను. సెల్‌ఫోన్లు వచ్చి అదీ మూతపడింది. పిల్లల చదువుల కోసం ఒంగోలు వచ్చాం. ఇక్కడ ఒక ఆఫీసులో ఒక బాబు నన్ను చూసి, ‘పెన్షన్ వస్తుందిగా పెద్దాయనా, ఇంకా ఎందుకు తిరుగుతావ్?’ అన్నాడు. పని అడగడానికి వెళ్ళాను నేను.

మరి ఆయన కథ నాకెందుకు పనికొచ్చిందంటారా? ఆ కథలో రోజువారీ పని ఉంది. కాలు పోవడం ఒక్క రోజు ముచ్చట. కృత్రిమ కాలు తగిలించుకోవడం చచ్చేదాకా ప్రతి పొద్దునా చేయాల్సిన పని. మా ఒంగోలు రోహిణి కార్తెలో దాని సంగతి చూడాలి. మొండికాలికి మేజోడు తొడిగి సాకెట్‌లోకి, అంటే కృత్రిమ కాలి పైనుండే గిన్నెలాంటి భాగంలోకి దించితే గంటలో లోపలంతా చెమట. కాలు జారడం మొదలవుతుంది. బస్టాండ్ బెంచీ మీదైనా సరే కూర్చుని విప్పి, తుడిచి, పౌడర్ జల్లి, పొడి మేజోడు మార్చుకోవాలి. చుట్టూ జనం చూస్తుంటారు. బద్ధకించి అలాగే నడిస్తే సాయంత్రానికి బొబ్బలెక్కుతుంది. బొబ్బ పుండైతే మూడు వారాలు కాలు గోడకి ఆనించి మంచం మీద ఉండాలి. చెప్పుల సంగతి ఇంకొకటి. బూటు మడమ ఎత్తుకి సరిచేసిన కాలు అది. గుడి ముందు బూటు విప్పితే ఒళ్ళు వెనక్కి తూలుతుంది. ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో, చావు దగ్గర, అన్నిచోట్లా ఉత్త కాళ్ళతో నడిచే జాతి మనది. అందుకే జైపూర్‌లో డాక్టర్ సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి ఉత్త కాలితో నడవడానికి, గొంతుక్కూర్చోడానికి వీలయ్యే పాదం చేశారు. ఇదంతా రాస్తే చదవడానికి ఉత్సాహంగా ఉండదని మీ సబ్ ఎడిటర్ గారు అనుకోవచ్చు. చదివి తీరాల్సిన వాళ్ళు మన జిల్లాలో ఉన్నారు.

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే మా ఆవిడ తరఫు కుర్రాడు ఒకడున్నాడు. రాయి జారి కాలు పోయింది. ఉచిత క్యాంపులో జైపూర్ కాలు ఇచ్చారు. నాలుగు రోజులు తగిలించుకున్నాడు, ఒరుసుకుని రక్తం వచ్చిందని అటక మీద పెట్టేశాడు. మీ పేజీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అంతా చదివి, “ఇంత ధైర్యం నాకు లేదు పెదనాన్నా” అని మడిచి పక్కన పెట్టాడు. కాసేపటికి మళ్ళీ తనే, “ఇంతకీ ఆయనకి ఒరుసుకునేది కాదా? ఏం చేసేవాడు?” అన్నాడు. దానికి మీ పేజీలో జవాబు లేదు. నేనే కాలు విప్పి నా మొండికాలు చూపించాను. మేజోళ్ళు ఎన్ని పొరలు వేయాలో, మొదట్లో రోజుకి ఎంతసేపు మించి తొడగకూడదో చెప్పాను. సాకెట్ వదులైతే దూది కుక్కి నెట్టుకురావద్దని, వెళ్ళి సరిచేయించుకోవాలని చెప్పాను. అటక మీద కాలు కిందికి దిగింది. తొడిగాడా లేదా అన్నది వచ్చే నెల చూస్తేగానీ చెప్పలేను.

కార్డోజో గారు కూడా రిటైరయ్యాక ఊరుకోలేదు. 2005 నుంచి కొన్నేళ్ళు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఛైర్మన్‌గా ఉన్నారు. కృత్రిమ కాళ్ళు చేసేవాళ్ళకీ, వినపడని, కనపడని పిల్లలకి చదువు చెప్పే టీచర్లకీ ఏ శిక్షణ ఉండాలో నిర్ణయించి, వాళ్ళ పేర్లు రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ అది. కర్ర కాలుతో నడిచే మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం నా లెక్కన కుక్రీ కంటే పెద్ద వార్త. సరిగా శిక్షణ లేనివాడు సాకెట్ చేస్తే ఏమవుతుందో మా కుర్రాడి కాలే చెబుతుంది. మన జిల్లాల్లో క్వారీల్లో, హైవే మీద, చక్కెర జబ్బుతో కాళ్ళు పోతున్నవాళ్ళు ఎంతమందో మీ విలేకరులకి నాకంటే బాగా తెలుసు. కాలు అమర్చాక దాన్ని సరిచేసే మనిషి ఎక్కడ దొరుకుతాడో, ఏ ఊరు వెళ్ళాలో కనుక్కుని ఒక్కసారి వేయండి. నేను కొత్తల్లో ప్రతి రిపేరుకీ గిద్దలూరులో రైలెక్కి, గుంతకల్లులో మారి పుణే వెళ్ళేవాణ్ణి. నాకు మిలిటరీ వాళ్ళిచ్చే ఫ్రీ రైలు వారెంట్ ఉండేది కాబట్టి సరిపోయింది. క్వారీ కూలీకి ఏముంటుంది?

మరొక్క విషయం. కుక్రీతో నరుక్కున్న తర్వాత ఆయనకి ఆపరేషన్ చేసింది ఎవరో మీరు రాయలేదు. మన హెలికాప్టర్ అందుబాటులో లేదు. అప్పటికే లొంగిపోయినవాళ్ళలో ఒక పాకిస్తానీ సర్జన్ ఉన్నాడు. శత్రువు చేత కోయించుకోనని కార్డోజో గారు మొదట మొండికేశారు. సీఓ లెఫ్టినెంట్ కల్నల్ హరోలికర్ గారు కోప్పడి ఒప్పించారు. పాకిస్తాన్ రక్తం మాత్రం ఎక్కించవద్దని షరతు పెట్టి, అప్పుడు బల్ల ఎక్కారు. ఆపరేషన్ బాగా చేశాడని, ఆ డాక్టరుకి కృతజ్ఞత చెప్పుకోలేకపోయానని తర్వాత ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఫోన్లలో తిరిగే వీడియోలు ఈ ముక్క ఎగరగొట్టడం నాకు ఆశ్చర్యం కాదు. పేపరు అలా చేయకూడదు. ఆ డాక్టరు పేరు మేజర్ మహమ్మద్ బషీర్. వచ్చే డిసెంబరులో వేసేటప్పుడు ఆ పేరు కూడా వేయండి.

ఇట్లు,
ఒక మాజీ నాయక్, మద్రాస్ రెజిమెంట్, ఒంగోలు
(మా కుర్రాడి ప్రస్తావన ఉంది కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి)