పీఎఫ్ పైసలు పెద్దమ్మకే ఎందుకిచ్చిందంటే

కోరుట్ల

బిడ్డా,

మొన్న ఫోన్లో రెండు సంగతులడిగావు. అమ్మమ్మ ఏడాది మాసికానికి మామ కొట్టించే ఫ్లెక్సీ మీద ఏం రాద్దామని ఒకటి. రెండోది, ఆసుపత్రి ఓపీలో పొద్దంతా బీడీ దగ్గులు విని వచ్చి, "బీడీలు చేయడం అమ్మమ్మకు ఎప్పుడూ తప్పు పని అనిపించలేదా అమ్మా" అని. ఫ్లెక్సీ సంగతి అయిపోయింది. మామ అప్పటికే "త్యాగమూర్తి" అని రాయించి, ఫోటోకు రెండు వైపులా గులాబీలు కూడా పెట్టించాడు. రెండోది ఫోన్లో తెమిలేది కాదు. అటు నీ డ్యూటీ, ఇటు నా బడి గంట.

నీకు బుద్ధి తెలిసేసరికి అమ్మమ్మ ముసలిదైపోయింది. నేను చూసిన మనిషి వేరు. రాత్రే తునికాకు తడిపి, తడిగుడ్డలో చుట్టిపెట్టి పడుకునేది. కోడి కూయకముందే లేచి, కొలత రేకు పెట్టి ఆకు కత్తిరించడం మొదలుపెట్టేది. ఆ తర్వాత వంట, మా జడలు, బళ్ళు. మేం గడప దాటగానే చాట ఒళ్ళోకి వచ్చేది. ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచి పక్కన పడేసేది. ఆ చేతుల వంక చూస్తూ మాట్లాడటం నావల్ల అయ్యేది కాదు, మాట మర్చిపోయేదాన్ని. ఆమె మాత్రం వాకిట్లో నలుగురు ఆడవాళ్ళతో ఊరి ముచ్చట్లన్నీ పెడుతూనే 25 బీడీలకో కట్ట కట్టేది. 40 కట్టలైతే వెయ్యి. వెయ్యి నిండితేనే ఆ రోజు కూలి నిండినట్టు.

సాయంత్రం కార్ఖానా. అక్కడ కట్టలు విప్పి చూసి, మూతి సరిగా లేదని, సన్నగుందని కొన్ని ఏరి పక్కన పడేసేవాళ్ళు. పడేసినవాటికి కూలి లేదు, అలాగని తిరిగివ్వరు కూడా. ఆకు ఎప్పుడూ తక్కువ తూచేవాళ్ళు. తక్కువైన ఆకు సొంత పైసలతో బయట కొని వెయ్యి పూర్తి చేయాలి. అమ్మమ్మకు చదువు రాదు కదా, బీడీ పుస్తకంలో వాళ్ళేం రాశారో నేను చదివి చెప్పేదాన్ని. ఒకసారి ఇచ్చినదానికీ రాసినదానికీ రెండు కట్టలు తేడా వచ్చింది. అప్పుడు నాది ఐదో తరగతి. నన్ను రెక్క పట్టుకుని తీసుకుపోయి, కార్ఖానా వరండాలో అందరి ముందు నిలబెట్టి, "సదువు బిడ్డా, గట్టిగ సదువు" అంది. చదివాను. పుస్తకం దిద్దారు. ఆ నెలంతా మా ఆకులో మాత్రం చిల్లులున్నవే ఎక్కువ వచ్చాయి.

తాత అప్పుడు దుబాయిలో ఉన్నాడు. రెండేళ్ళకోసారి వచ్చేవాడు. ఉత్తరం రాయడం ఇద్దరికీ రాదు, అందుకని టేప్‌రికార్డర్ క్యాసెట్లు పంపుకునేవాళ్ళు. ఊరికి ఎవరు వస్తున్నా వాళ్ళ సూట్‌కేసులో మాకో క్యాసెట్టు. అమ్మమ్మ జవాబు రికార్డు చేసేటప్పుడు కూడా పని ఆపేది కాదు. ఎరువుల ధర, మేనత్త పెళ్ళి, మామ జ్వరం చెబుతూ ఉంటే మధ్యమధ్యలో కత్తెర చప్పుడు. ఒక క్యాసెట్టులో తాత నవ్వుతూ "నీ మాటకంటె కత్తెరనే ఎక్కువ మాట్లాడుతున్నదే" అన్నాడు. ఆ ఒక్క క్యాసెట్టు ఉన్నా బాగుండేది. వాటి మీద మామ సినిమా పాటలు ఎక్కించుకున్నాడు.

ఇక పెద్దమ్మ సంగతి. ఇది ఫ్లెక్సీ మీద పట్టదు.

పెద్దమ్మకు ఏడో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి. నాకంటే చురుకు, లెక్కల్లో అయితే మరీ. ఆ ఎండాకాలం తాత నుంచి పైసలు రావడం ఆగిపోయింది. వీసా ఇప్పించినవాడు చెప్పిన పని ఒకటి, అక్కడ చేయించింది ఇంకొకటి. అప్పు మీద మిత్తి పెరుగుతోంది. బళ్ళు తెరిచేనాటికి పెద్దమ్మ ఒళ్ళోకి చాట వచ్చింది. "ఒక్క ఏడాది" అంది అమ్మమ్మ. ఆ ఏడాది మళ్ళీ బడిదాకా పోలేదు. మన వైపు అప్పట్లో సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు "పిల్లకు బీడీలు చేసుడు వస్తదా, కార్డు ఉన్నదా" అని అడిగేవాళ్ళు. పెద్దమ్మ పెళ్ళి ఆ చేతిపని మీదే కుదిరింది. నన్ను మాత్రం అమ్మమ్మ చాట ముట్టనివ్వలేదు. బీడీ కార్మికుల పిల్లలకని వచ్చే స్కాలర్‌షిప్పు నాకు వచ్చింది. బడిలో ఉన్న పిల్లలకే అది. నా బీఎడ్ దాకా ఇంట్లో రెండు చాటలు నడిచాయి, ఒకటి అమ్మమ్మది, ఒకటి పెద్దమ్మది. నీ డాక్టరు చదువుకు వేర్లు అక్కడున్నాయి.

బీడీ పనివాళ్ళకు పీఎఫ్ వర్తింపజేసింది 1977లో. కార్డు అమ్మమ్మ చేతికి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది, అదీ ఎర్రజెండా సంఘం వాళ్ళ వెంట తిరిగితేనే. వాళ్ళ ఉపన్యాసాలు ఆమెకు నచ్చేవి కావు, కానీ ధర్నాకు మాత్రం ముందు వరసలో కూర్చునేది. ఆ కార్డు పుణ్యానే 2015లో నెలకు వెయ్యి రూపాయల సర్కారు పింఛను వచ్చింది, 2019లో 2,016 అయింది. ఆ పైసల్లోంచి మనవళ్ళకు చాక్లెట్లు కొనేది అని అందరూ చెప్పుకుంటున్నారు. కొనేది, నిజమే. అంతకంటే ముందు డిష్ రీచార్జి చేయించుకునేది, చిట్టీ కట్టేది. మామ ఒకసారి చేబదులు అడిగితే "ఇవి నా పింఛను పైసలు" అని కొంగుకు ముడేసింది.

బీడీల మీద 28 శాతం జీఎస్టీ పడ్డ 2017లో కార్ఖానాలో పని దినాలు బాగా తగ్గించారు. అప్పటికే మోకాళ్ళు, మెడ పట్టేశాయి. అమ్మమ్మ పని మానేసింది. పీఎఫ్ మొత్తం చేతికి వచ్చినప్పుడు మామలిద్దరూ ఇంటి పైకప్పు గురించి లెక్కలు వేసుకుంటున్నారు. ఆమె ఎవరికీ చెప్పకుండా పెద్దమ్మను వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయి, ఉన్నదంతా ఆమె ఖాతాలో వేయించి వచ్చింది. ఇంట్లో ఎంత లొల్లి అయిందో నీకు తెలియదు, అప్పుడు నువ్వు ఎంబీబీఎస్ పరీక్షల్లో ఉన్నావు. చిన్నమామ ఆరు నెలలు గుమ్మం తొక్కలేదు. అమ్మమ్మ అన్నది ఒక్కటే. "దాని పైసలు దానికిచ్చిన. ఇండ్ల నాది ఏమున్నది?"

పదకొండో రోజు వచ్చినవాళ్ళంతా పిల్లల కోసమే బతికిందని అంటుంటే పెద్దమ్మ లేచి లోపలికి పోయింది. వెనకే పోయాను. "మా అవ్వ ఊకె ఎవ్వలకేం పెట్టలేదే. ఎవ్వలది వాళ్ళకు లెక్కగట్టి ఇచ్చింది" అంది. కోపంగా అందో ప్రేమగా అందో నాకు తేల్లేదు. ఆ పీఎఫ్ పైసలు ఇప్పటికీ ముట్టుకోలేదట.

ఇప్పుడు నీ ప్రశ్న. తంబాకు సంగతి ఆమెకు నీకంటే ముందే తెలుసు. మామ ఇంటర్‌లో ఉండగా చాటలోంచి నాలుగు బీడీలు ఎత్తుకుపోయాడు. సాయంత్రం లెక్కలో నాలుగు తక్కువ. రాత్రి ఇంటికి వచ్చినవాడి నోరు వాసన చూసి చీపురు తిరగేసింది. దొంగతనానికి కొట్టిందో తాగినందుకు కొట్టిందో మామకు ఇప్పటికీ తెలియదు. తాత దుబాయి నుంచి తెచ్చుకున్న సిగరెట్లు గేటు బయటే కాల్చుకునేవాడు. నువ్వు పుట్టాక నేను నిన్ను ఆమె దగ్గర వదిలి బడికి పోయేదాన్ని కదా, చాట అటక మీద పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో తోముకుంటే గానీ నిన్ను ఎత్తుకునేది కాదు. నువ్వు ఏడ్చి గొంతు పోగొట్టుకున్నా సరే, ముందు చేతులు కడగాల్సిందే.

2009లో బీడీ కట్టల మీద ఊపిరితిత్తుల బొమ్మ వేయడం మొదలైంది. కిరాణా దుకాణంలో ఒక కట్ట తీసుకుని తిప్పి చూసి, ఇదేం బొమ్మ అని నన్నడిగింది. చెప్పాను. కాసేపు చూసి, "ఇది నిజమే. నేను చెయ్యకుంటె మీ కడుపులు ఎండుతుండె, అదీ నిజమే. నన్ను అడుగుతరేంది? సేటును అడుగుండ్రి, సర్కారును అడుగుండ్రి" అని కట్ట అక్కడ పెట్టేసి చింతపండు బేరమాడింది.

నీ ఓపీకి వచ్చేవాళ్ళకు నువ్వు చెప్పేది చెప్పు, గట్టిగానే చెప్పు. వాళ్ళలో ఆడవాళ్ళు వస్తే మాత్రం తాగుతావా అని అడిగి ఊరుకోకు. చేస్తావా అని కూడా అడుగు. ఎన్నేళ్ళ నుంచి, ఇంట్లో ఎక్కడ కూర్చుని, కిటికీ ఉందా, పీఎఫ్ కార్డు ఉందా అని అడుగు.

మాసికానికి రమ్మని మామ రేపోమాపో నీకు ఫోన్ చేస్తాడు. సెలవు దొరక్కపోతే దొరకలేదని సూటిగా చెప్పెయ్, ఏడవకు. అమ్మమ్మే ఉంటే "నాగా పెడితే కూలి కోస్తరు, డ్యూటీకి పో" అనేది. పెద్దమ్మకు మాత్రం విడిగా ఫోన్ చెయ్.

మీ అమ్మ